పాత జీపుకు హాట్ రాడ్ రూపు: మడ్‌గార్డులు, లైట్ల పని మొదటి నుంచి చివరి దాకా

హాట్ రాడ్ అనేది అమెరికాలో పుట్టిన పిచ్చి. 1930లు, 40లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు, అందులోనూ వీ8 ఇంజిన్‌తో వచ్చిన 1932 మోడల్ చవగ్గా కొని, బరువు తగ్గాలని మడ్‌గార్డులు ఊడబీకి, ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవారు. చక్రాలు బయటికి కనిపించడం, గుండ్రటి హెడ్‌లైట్లు గ్రిల్‌కు అటూ ఇటూ నిలబడి ఉండడం అప్పటి నుంచే ఆ బండ్ల ముఖం అయిపోయింది.

కర్నూలులో 1932 ఫోర్డు దొరకదు. దొరికేది జీపు. అమెరికా విల్లీస్ కంపెనీ నమూనా మీద మహీంద్రా తయారుచేసిన పాత జీపులు మన ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో షెడ్లలో, కల్లాల పక్కన, గుజిరీ అంగళ్లలో ఇంకా కనిపిస్తాయి. హాట్ రాడ్ పనికి ఇంతకంటే తేలికైన బండి లేదు. ఛాసీ వేరు, బాడీ వేరు, ముందు మడ్‌గార్డులు బోల్టుల మీద ఉంటాయి, హెడ్‌లైటు 7 అంగుళాల గుండ్రటిది. ఈ మార్గదర్శి అలాంటి జీపుకు ముందు మడ్‌గార్డులు, లైట్లు మార్చడం గురించి. ఇంజిన్, గేర్‌బాక్స్ జోలికి పోవడం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. చాలామంది మడ్‌గార్డుల పని రేకు మేస్త్రీకి, లైట్ల పని ఎలక్ట్రీషియన్‌కు విడివిడిగా అప్పగిస్తారు. రేకు పనంతా అయ్యి, రంగు కూడా పడ్డాక ఎలక్ట్రీషియన్ వచ్చి డ్రిల్లు తీసి కొత్త రంగులో రంధ్రం పెడతాడు. ఈ రెండూ ఒకే పని. లైటు ఎక్కడ కూర్చోవాలో, దాని వైరు ఏ దారిన పోవాలో తేలాకే రేకు మీద కత్తెర పెట్టాలి.

ముందు కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

అందుకని పాత మడ్‌గార్డులను గుజిరీకి వేయొద్దు. బోల్టులతో సహా గోనెసంచిలో కట్టి అటకెక్కించండి. కొత్తగా చేసేదంతా కంపెనీ బోల్టు రంధ్రాల మీదే కూర్చునేలా, ఛాసీని ఎక్కడా కోయకుండా చేయండి. పాత ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 నంబర్ల జీపులకు 15 ఏళ్లు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి, ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వెళ్లాల్సిందే. ఆ రోజు పాత రూపులోకి తేగలిగితే టెన్షన్ ఉండదు. మార్పుతోనే రోడ్డెక్కాలంటే మాత్రం పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో బొమ్మ గీసి చూపించి, ఏది కుదురుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. 

అసలు మడ్‌గార్డు లేకుండా తిరగొచ్చా

ఫొటోల్లో బాగుంటుంది. నంద్యాల వైపు నల్లరేగడిలో ఒక వాన పడ్డాక నడిపి చూడండి. ఆ మట్టి టైరుకు పట్టుకుని పొరలు పొరలుగా పెరిగి, స్పీడు అందుకోగానే ముద్దలుగా ఎగిరి రేడియేటర్ మీద, బెల్టు మీద, మీ ముఖం మీద పడుతుంది. అనంతపురం వైపు మట్టి అంటుకోదు కానీ కంకర ఉంది, వెనక వచ్చే బైకువాడి కంటికి దెబ్బ. కాబట్టి పూర్తిగా తీసేయడం నా లెక్కలో లేదు. అమెరికాలో సైకిల్ ఫెండర్ అనే పద్ధతి ఉంది: సైకిల్ మడ్‌గార్డులా సన్నగా, టైరు వంపునే అనుసరిస్తూ, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రంతో పాటే పక్కకు తిరిగే రేకు. చక్రమూ కనిపిస్తుంది, మట్టీ ఆగుతుంది. మనం చేసేది అదే.

విప్పేటప్పుడు

బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టండి. జీపులో డీజిల్, పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. వెల్డింగ్ చేసే రోజు దాన్ని దించి బయట పెట్టడమే మేలు, తడి గుడ్డ కప్పి కానిచ్చేద్దాం అనే మేస్త్రీకి నమస్కారం పెట్టేయండి.

మడ్‌గార్డు బోల్టులు విప్పుతున్నప్పుడే ఒక సంగతి తెలుస్తుంది. జీపు గ్రిల్ కింద ఛాసీకి బిగించి ఉన్నా, పక్కల నుంచి దాన్ని నిలబెట్టేది ఈ మడ్‌గార్డులే. అవి తీసేస్తే గ్రిల్, దానితో పాటు రేడియేటర్, ముందుకూ వెనక్కూ ఊగుతాయి. నాలుగు గుంతలు దాటేసరికి హోస్ పైపు జారుతుంది, లేదా రేడియేటర్ ఫ్యాను రెక్కలకు తగులుతుంది. దీనికి మందు రెండు 12 మి.మీ. రాడ్లు. రెండు చివర్లా మర వేయించి, డ్యాష్‌బోర్డు ముందున్న గోడ నుంచి గ్రిల్ పైమూలలకు చెరొకటి బిగించండి. రెండు చివర్లలో లోపల ఒక నట్టు, బయట ఒక నట్టు ఉంటే గ్రిల్‌ను అర మి.మీ. తేడాతో సర్దుకోవచ్చు. బానెట్ మూసి, రెండు పక్కలా సందు సమానంగా వచ్చాకే నట్లు గట్టిగా తిప్పండి. ఈ రాడ్లకు బఫింగ్ చేయిస్తే హాట్ రాడ్ కళ కూడా సగం ఇక్కడే వచ్చేస్తుంది.

మడ్‌గార్డు లోపలి వైపు హారన్, వైర్ల క్లిప్పులు, బండిని బట్టి రెగ్యులేటర్ లాంటివి తగిలించి ఉంటాయి. విప్పకముందే ఫోనులో ఫొటోలు తీసి, ప్రతి వైరుకూ తెల్ల టేపు చుట్టి పేరు రాయండి.

కొలతలు

జీపుకు 6.00-16 టైరు ఉంటే దాని వ్యాసం సుమారు 28 అంగుళాలు, అంటే మధ్య నుంచి అంచుకు 14. చాలా ట్రాక్టర్లకు ముందు టైరు ఇదే సైజు. అందుకే ట్రాక్టర్ స్పేర్ల అంగడిలో ముందు మడ్‌గార్డు దొరికితే ఒకసారి పట్టి చూడండి, వంపు సరిపోతే సగం పని తప్పుతుంది.

సొంతంగా చేసేట్లయితే టైరుకూ రేకుకూ మధ్య 2 అంగుళాలు వదలండి. ఫోటోల్లో అర అంగుళం, ముప్పావు అంగుళం కనిపిస్తుంది, అవి తారు రోడ్డు దాటని బండ్లు. నల్లరేగడిలో ఆ సందు పది నిమిషాల్లో నిండిపోయి చక్రానికి బ్రేకు వేసినట్టవుతుంది. కాబట్టి రేకు లోపలి వంపు 16 అంగుళాలు. ఇక ఎంత దూరం కప్పాలి? వెనక వైపు ఇరుసు ఎత్తు దాకా దిగాలి, లేకపోతే రాళ్లు ఆగవు. ముందు వైపు టైరు నెత్తి నుంచి 45 డిగ్రీలు చాలు. మొత్తం 135 డిగ్రీలు. 16 ను 3.14 తో, దాన్ని 135 తో గుణించి 180 తో భాగిస్తే 37.7 వస్తుంది. రేకు పొడవు 38 అంగుళాలు అనుకోండి. వెడల్పు టైరు కంటే రెండు పక్కలా ముప్పావు అంగుళం ఎక్కువ: 6 అంగుళాల టైరుకు ఏడున్నర.

రేకు కొనకముందు ఈ కొలతలతో అట్ట కోసి, వంచి, టైరు మీద పెట్టి పదడుగులు వెనక్కి నడిచి చూడండి. కంటికి నచ్చకపోతే అట్టను కోసుకోవచ్చు. అట్ట మీదే ఇండికేటర్ ఎక్కడ వస్తుందో, వైరు ఏ వైపు దిగుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

రేకు పని

18 గేజి సీఆర్ (చల్లగా రోల్ చేసిన, పూత లేని) రేకు తీసుకోండి, మందం సుమారు 1.2 మి.మీ. 20 గేజి తేలిగ్గా వంగుతుంది కానీ ఈ మడ్‌గార్డు నేరుగా ఇరుసు మీద కూర్చుంటుంది, స్ప్రింగు మెత్తదనం దానికి అందదు, ప్రతి గుంతా రేకుకే తగులుతుంది. పల్చటి రేకు బోల్టు రంధ్రం దగ్గర చీలిపోతుంది. జీఐ రేకు వద్దు. దాని మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరమే.

వంపు తేవడానికి బీరువాలు, నీళ్ల ట్యాంకులు చేసే షెడ్డులో రోలింగ్ మిషన్ ఉంటుంది. 16 అంగుళాల వంపుతో అట్ట ముక్క కోసి తీసుకెళ్లి ఇస్తే దాన్ని పట్టి చూస్తూ తిప్పుతారు. మిషన్ అందుబాటులో లేకపోతే 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము మీద చుట్టి, ఇద్దరు చెరో చివర పట్టి లాగాలి. డ్రమ్ము వంపు సుమారు 11 అంగుళాలు కదా, చిన్నదవుతుందేమో అనిపిస్తుంది. వదలగానే రేకు స్ప్రింగులా తెరుచుకుంటుంది, ఇంకా మిగిలినది మోకాలి మీద పెట్టి తెరవచ్చు.

అంచుల దగ్గరే పనితనం తెలిసేది. వంచిన రేకు అంచును లోపలికి మడవబోతే ముడతలు పడతాయి, ఎందుకంటే లోపలి చుట్టు కొలత బయటి దానికంటే తక్కువ. అనుభవం ఉన్న టింకరింగ్ మేస్త్రీ సుత్తీ, దిమ్మే పట్టుకుని ఆ ముడతలను కుదించగలడు. మనలాంటి వాళ్లకు సులువైన దారి: చంద్రవంకలా ఒక అంగుళం వెడల్పు పక్క పట్టీలు విడిగా కోసి, వంచిన రేకు అంచుకు నిలబెట్టి అతికించడం. ఆ పట్టీ చివర 5 మి.మీ. తీగ చేరిస్తే అంచు గుండ్రంగా వస్తుంది, చేయి కోసుకోదు, రేకు అదరదు. ఇనుప బకెట్టు మూతి దగ్గర చూసే పనే ఇది.

వెల్డింగ్ ఒకే ఊపున గీయొద్దు, రేకు అప్పడంలా లేచిపోతుందని ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. సీవోటూ వెల్డింగ్ దొరికితే మంచిది. రెండు అంగుళాలకో చుక్క పెట్టి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి అన్నట్టు దూరంగా తిరుగుతూ సందులు నింపండి. చేయి పెట్టి చూసి వేడి తగ్గాకే తర్వాతి చుక్క. నీళ్లు చల్లి చల్లార్చొద్దు. అయ్యాక సన్నగా గ్రైండింగ్ చేసి, లప్పం వీలైనంత తక్కువ పెట్టండి. అదిరే మడ్‌గార్డు మీద మందపాటి లప్పం ఆరు నెలలు నిలవదు. లోపలి వైపు రెడాక్సైడ్ మీద తారు లాంటి అండర్‌కోటింగ్ రెండు పూతలు వేయండి. కంకర తగిలే మోత కూడా తగ్గుతుంది.

బిగింపు

చక్రంతో పాటు తిరగాలంటే బ్రాకెట్ నకిల్ మీద, అంటే ఇరుసు చివర చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే ముక్క మీద ఉండాలి. ఆ ముక్క తిరిగే నిలువు కీలును కింగ్ పిన్ అంటారు, దాని పై మూత బోల్టులు ఇందుకు పనికొస్తాయి. మూత కింద పల్చటి షిమ్‌లు (సందు సర్దే రేకు ముక్కలు) ఉంటాయి, వాటిని కదపకుండా మూత పైన 6 మి.మీ. పట్టీ పెట్టి, ఆ మందానికి తగ్గట్టు పొడవైన 8.8 గ్రేడు బోల్టులు వేయండి. కొందరు బ్రేకు బ్యాక్ ప్లేటు వెనక పట్టీ ఇరికిస్తారు. అలా చేస్తే డ్రమ్ములో బ్రేకు షూలు కూర్చునే చోటు జరుగుతుంది, వద్దు. నకిల్ మీద, స్టీరింగ్ ఆర్ముల మీద వెల్డింగ్ చుక్క కూడా పడకూడదు. ఆ వేడికి ఇనుము గుణం మారుతుంది, విరిగితే స్టీరింగే పోతుంది.

పట్టీ మీద నుంచి ముప్పావు అంగుళం పైపు చేతులు రెండు లేపి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వంచి రేకును మోయించండి. రేకు తగిలే చోట కింద 3 అంగుళాల ప్లేటు, రెంటి మధ్య పాత లారీ ట్యూబు ముక్క, బోల్టు కింద పెద్ద వాషర్, పైన నైలాన్ నట్టు.

ఇప్పుడు తనిఖీ. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, మడ్‌గార్డు లోపలి అంచు కమాన్ పట్టీలకు, గ్రిల్‌కు, బ్రేకు హోస్‌కు తగలడం లేదని చూడండి. తర్వాత ఇరుసుకూ, ఛాసీ కింద ఉన్న రబ్బరు గుబ్బకూ మధ్య దూరం కొలవండి. చక్రం పైకి లేవగలిగేది అంతే. మడ్‌గార్డు పైన దానికంటే ఒక అంగుళం ఎక్కువ ఖాళీ ఉండాలి. లెక్క మీద నమ్మకం లేకపోతే నాలుగు కడప బండలు పేర్చి ఒక ముందు చక్రాన్ని మాత్రం వాటి మీదికి ఎక్కించి, మళ్లీ స్టీరింగ్ తిప్పండి. కింద నేల మీద తగలనిది అక్కడ తగలవచ్చు.

మడ్‌గార్డు సన్నబడింది కాబట్టి ఇంజిన్ పక్కలు తెరుచుకుంటాయి. పాత కన్వేయర్ బెల్టు రబ్బరు కోసి, ఛాసీ నుంచి బానెట్ అంచు దాకా తెరలా కట్టండి.

వెనక చక్రాలకు పెద్ద పనేమీ లేదు. జీపు బాడీలోనే వంపు ఉంది. అంచు తుప్పు పట్టి ఉంటే కోసి కొత్త పట్టీ వేయించండి, చాలు.

హెడ్‌లైట్లు

7 అంగుళాల లైటు అమెరికాలో 1940లో సీల్డ్ బీమ్‌గా, అంటే బల్బు, అద్దం, రిఫ్లెక్టరు ఒకే ముక్కగా, ప్రామాణికం అయ్యింది. ఇప్పటికీ అదే సైజులో హెచ్4 బల్బు పట్టే లైట్లు అన్ని స్పేర్ల అంగళ్లలో ఉన్నాయి. పాత అమెరికన్ లైట్లే కావాలని ఆన్‌లైన్‌లో తెప్పించే వాళ్లకు హెచ్చరిక: అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. వాటి డిమ్ వెలుగు కుడి అంచు వైపు ఎక్కువ పడేలా అద్దం చేసి ఉంటుంది. మన రోడ్డు మీద ఆ వెలుగు నేరుగా ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది. పాత డొప్ప (లైటు వెనకుండే ఇనుప గిన్నె) వాడుకోండి, అద్దం, రిఫ్లెక్టరు మాత్రం మన దేశంలో అమ్మేవే వేయండి. వెలిగించి గోడ మీద చూస్తే డిమ్ గీత ఎడమ వైపు పైకి లేవాలి.

హాట్ రాడ్ ముఖానికి లైట్లు గ్రిల్ లోంచి బయటికి రావాలి. ఛాసీ రెండు కొనల మధ్య అంగుళం పైపు అడ్డంగా వేసి, దాని మీద డొప్పలు నిలబెట్టండి. వైరు పైపు లోపలి నుంచే వెళ్తుంది. వెల్డింగ్‌కు ముందే వైరు రంధ్రాలు పెట్టి, వాటికి రబ్బరు గ్రోమెట్లు వేయాలి.

ఎంత కిందికి దించాలన్నదే అసలు ప్రశ్న. డిమ్ వెలుగును 1 శాతం వాలుతో సర్దుతాం. లైటు మధ్య భాగం నేల నుంచి 75 సెం.మీ. ఎత్తున ఉంటే ఆ వెలుగు గీత 75 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది, 50 సెం.మీ.కు దించితే 50 మీటర్ల దగ్గరే. అందం కోసం దించిన ప్రతి అంగుళానికీ రాత్రి చూపు తగ్గుతుంది. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రిపూట బండి తోలిన వాళ్లెవరూ ఆ బేరానికి ఒప్పుకోరు. గ్రిల్‌లో లైట్లు మొదట ఉన్న ఎత్తుకు ఒకటి రెండు అంగుళాలు తేడాతో ఆపండి. అలాగే డొప్పలు రేడియేటర్‌కు అడ్డం రాకూడదు. మే నెలలో కర్నూలు ఎండకు గాలి ఎంత అందినా తక్కువే.

వైరింగ్

పాత జీపులో లైట్ల కరెంటు మొత్తం స్విచ్ గుండా, హై, డిమ్ మార్చడానికి కాలితో నొక్కే డిప్పర్ గుండా తిరిగి వస్తుంది. అరిగిన కాంటాక్టుల్లో వోల్టేజి పోతుంది. హాలోజన్ బల్బుకు 12కు బదులు 11 వోల్టులు అందితే వెలుగు పావు వంతు తగ్గిపోతుంది. లైట్లు డల్‌గా ఉన్నాయని 100 వాట్ల బల్బులు వేసేవాళ్లు స్విచ్‌ను ఇంకా కాలుస్తారు. కావలసింది రిలేలు, అంటే స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పనిచేసి, బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు పెద్ద కరెంటు కలిపే చిన్న పెట్టెలు.

హైకి ఒకటి, డిమ్‌కు ఒకటి, రెండు రిలేలు తీసుకోండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 20 ఆంప్స్ ఫ్యూజు గుండా 2.5 చదరపు మి.మీ. వైరు రిలే 30వ నంబరు కాలికి. 87వ కాలి నుంచి లైట్లకు, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి 10 ఆంప్స్ ఫ్యూజులతో. ఫ్యూజులు వేరుగా ఉంటే ఒకటి పోయినా రెండో లైటు మిగులుతుంది. డిప్పర్ నుంచి వచ్చే పాత వైరు 86కు, 85 ఎర్త్‌కు. కాలి డిప్పర్‌ను అలాగే ఉంచండి, పాత బండి నడుపుతున్న సుఖం సగం దానిలోనే ఉంది. హెచ్4 బల్బు 60/55 వాట్లు మించొద్దు.

ఎర్త్ విషయంలో చాలా బండ్లు తేలిపోతాయి. ఇంతకుముందు లైటు, మడ్‌గార్డు, గ్రిల్ అన్నీ బాడీకి తగిలి ఉండేవి, ఎర్త్ దానంతటదే అందేది. ఇప్పుడు మధ్యలో రబ్బరు పెట్టాం, రంగు వేశాం. ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా కొట్టుకోవడం చూస్తే అది ఎర్త్ దొరక్క ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటున్న కరెంటు. ప్రతి లైటుకూ విడిగా నల్ల వైరు లాగి, ఛాసీ మీద రంగు గీకిన ఒకే బోల్టు దగ్గర కలపండి. బిగించాక ఆ చోట గ్రీజు రాయండి. మడ్‌గార్డు మీద ఇండికేటర్ పెట్టినట్లయితే, స్టీరింగ్ తిరిగినప్పుడు వైరు సాగకుండా బ్రేకు హోస్ పక్కన అదే వదులుతో కట్టండి. అయితే ఆ హోస్‌కే కట్టొద్దు.

మరీ పాత విల్లీస్ అయితే 6 వోల్టుల బండి కావచ్చు. బ్యాటరీ మీద చూసుకోకుండా బల్బులు కొనొద్దు.

వెనక లైట్లు, ఇండికేటర్లు

అమెరికా బండ్లలో వెనక లైటును బాడీలోకి లోతుగా దించి, చుట్టూ అతుకు కనిపించకుండా నున్నగా చేసే పద్ధతి ఉంది. జీపు వెనక మూలల్లో కూడా చేయొచ్చు: లైటు కంటే పావు అంగుళం పెద్ద పైపు ముక్క కోసి, రేకులో రంధ్రం పెట్టి, లోపలికి దించి వెల్డింగ్ చేయడం. కింది భాగంలో 6 మి.మీ. రంధ్రం మరిచిపోతే వానకు అది చిన్న బావి అవుతుంది. లోతు ఎక్కువైతే పక్క నుంచి వచ్చేవాడికి లైటు కనిపించదు, కాబట్టి అర అంగుళం దగ్గర ఆపడం నాకిష్టం.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వెనక ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి, నంబరు ప్లేటు మీద తెల్ల వెలుగు పడి 15 మీటర్ల నుంచి చదవగలగాలి. ఎర్ర రిఫ్లెక్టర్లు రెండూ ఉండాలి. ఇండికేటర్ పసుపే. ఎర్ర అద్దం మధ్యలో నీలం చుక్క పెట్టే పాత అమెరికన్ సరదా ఒకటుంది, రాత్రి ఊదారంగులో మెరుస్తుంది. ఇక్కడ అది పోలీసులను పిలిచి బండి ఆపించుకోవడమే.

ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేస్తే వాటిని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ పిచ్చిగా కొట్టుకుంటుంది లేదా అసలు కొట్టుకోదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చండి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు లోపు ఉండాలి. హెడ్‌లైటులో మాత్రం హాలోజన్ డొప్పకు చవక ఎల్‌ఈడీ బల్బు వద్దు. వెలుగు పుట్టే చోటు మారిపోయి, గీత లేకుండా నలుమూలలా చిందుతుంది.

గోడ మీద గురి

సాయంత్రం చీకటి పడ్డాక ఏదైనా గోడౌను గోడ ముందు చదునైన చోట బండి నిలపండి. నేల చదునో కాదో రసమట్టం పెట్టి చూడండి. టైర్లలో గాలి సరిచేసి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. గోడకు లైటుకు 7.5 మీటర్ల దూరం. లైటు మధ్య ఎత్తును గోడ మీద సుద్దతో గీసి, దానికి 7.5 సెం.మీ. కింద ఇంకో గీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఈ కింది గీత మీద ఆనాలి. ఒక లైటు సర్దుతున్నప్పుడు రెండోదాన్ని గుడ్డతో కప్పండి, లేకపోతే కన్ను మోసపోతుంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా మీటరుతో బ్యాటరీ దగ్గర, బల్బు కాలి దగ్గర వోల్టేజి చూడండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో ఎర్త్ లేదా క్లిప్పు సరిగా కూర్చోలేదు.

మొదటి రోజు ఊళ్లో తిప్పి, రెండో రోజు ఓర్వకల్లు దాకా వెళ్లి రండి. తిరిగొచ్చాక మడ్‌గార్డు బోల్టులన్నీ మళ్లీ స్పానర్ పెట్టి చూడండి, రబ్బరు నలిగి కచ్చితంగా వదులవుతాయి. 100 కిలోమీటర్లకు ఇంకోసారి. అప్పుడే పైపు చేతుల వెల్డింగ్ దగ్గర రంగు మీద వెంట్రుకలాంటి గీత ఉందేమో టార్చి వేసి వెతకండి. కనిపిస్తే పైన రంగు వేయకుండా, ఆ మూలలో త్రికోణపు ముక్క అతికించి మళ్లీ వెల్డింగ్ చేయించండి.